మంచి ఐటమ్ ఆఖర్న

ఫిబ్రవరి నెల, రెండో ఆదివారం. రాజమండ్రి, వర్తక సంఘం వారి కల్యాణ మండపం ఆవరణ. పిల్లల జగ్లింగ్ పోటీ.

హాజరైనవారు: సంఘం సెక్రటరీ గారు (బట్టల షాపు యజమాని). విశాఖపట్నం నుంచి వచ్చిన ట్రైనరు. లైట్ల మనిషి. పోటీకి వచ్చిన పిల్లలు, వాళ్ళ తాలూకు వాళ్ళు. మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ, ఆవిడ కొడుకు. ఆవిడ భర్త, గేటు దగ్గర, నిలబడి. ముఖ్య అతిథి గారు, సాయంత్రం నుంచి. టైమ్ చూడడానికి నేను.

ఇది ఆ రోజు డైరీలో ఉన్నది ఉన్నట్టు. పొద్దున్న కుర్చీలో కూర్చోగానే రాసుకున్నాను. గేటు దగ్గర మనిషీ, ముఖ్య అతిథి గారి పక్కన 'సాయంత్రం నుంచి' అన్న మాటా మాత్రం తర్వాత చేర్చినవి.

ఇరిగేషన్ శాఖలో ఉన్నంతకాలం గోదావరి నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం నా పని. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు అని నాకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే చెప్పారు. రిటైరయ్యాక కొలవడానికి నీళ్ళు లేవు గానీ రాసే అలవాటు పోలేదు. ఇక్కడ కూడా నేను చూసింది ఏదో, విన్నది ఏదో విడివిడిగానే చెప్తాను.

వర్తక సంఘం వాళ్ళు ఏటా పిల్లలకి ఏదో ఒక పోటీ పెడతారు. పాటలు, డాన్సులు, ఏకపాత్రలు అన్నీ అయిపోయాయి. ఈసారి సెక్రటరీ గారి మనవడు ఫోన్‌లో ఎవరో బంతులు ఎగరేయడం చూసి, తనూ మొదలుపెట్టి, హాల్లో టీవీ పగలగొట్టాడట. "టీవీ ఎలాగూ పోయింది, పోటీ అయినా పెడదాం" అన్నారట సెక్రటరీ గారు. ఇది విన్నది. అలా జగ్లింగ్ పోటీ వచ్చింది. పసుపుపచ్చ రబ్బరు బంతులు సంఘం వాళ్ళే ఇస్తారు. మూడు బంతులతో మొదలుపెట్టాలి, ఆపైన ఎన్ని పెంచగలిగితే అంత మంచిది. కింద పడితే, గంట కొట్టేలోగా తీసుకుని మళ్ళీ ఆడొచ్చు గానీ మార్కులు తగ్గుతాయి. నా చేతి వాచీ మీద ఊళ్ళోవాళ్ళకి ఉన్న నమ్మకం వల్ల టైమ్ చూసే పని నాకు ఇచ్చారు.

విశాఖపట్నం నుంచి వచ్చిన ట్రైనరు సంగతి చెప్పాలి. ఆయనకి అక్కడ ఒక శిక్షణ కేంద్రం ఉంది. పిల్లలకి ఇలాంటివి నేర్పి, స్కూళ్ళకీ రిసార్టులకీ ప్రదర్శనలకి పంపిస్తాడు. ఈ పోటీలోంచి ఒకరిని ఎంచుకుని, తిండీ హాస్టలూ తనే పెట్టుకుని చేర్చుకుంటానని సంఘానికి మాట ఇచ్చాడు. "ఫస్ట్ ప్రైజు వచ్చినవాళ్ళనే అని కాదండి, నాకు నచ్చినవాళ్ళని" అని ముందే చెప్పాడు. ఒక్కరినే.

చేపలావిడ కొడుకు సంగతి నాకు పోటీ కంటే చాలా ముందే తెలుసు. రోజూ పొద్దున్నే గోదావరి ఘాటు వైపు నడకకి వెళ్తాను. మెట్లు దిగాక ఇసుకలో పడవలు ఆగే చోట ఈ కుర్రాడు వల తేలడానికి అంచుకి కట్టే బెండ్లు ఎగరేసి పట్టేవాడు. తెల్లటి గుండ్రటి బెండ్లు. మొదట మూడు, తర్వాత నాలుగు, తర్వాత అయిదు. పదో తరగతి అయిపోయి ఇంటిదగ్గరే ఉన్నాడు. ఎవరైనా ఆగి చూస్తే ఆపేసేవాడు కాదు, అలాగని వాళ్ళవైపు చూసేవాడూ కాదు. వాడి తల కదిలేది కాదు. మోచేతుల కింద నుంచే పనంతా జరిగిపోయేది. గాలి ఉన్న రోజున బెండు పక్కకి కొట్టుకుపోతుంటే పాదం అర అడుగు జరిపి అందుకునేవాడు. దగ్గరికెళ్ళి వింటే బెండ్లు అరచేతుల్లో పడే చప్పుడు ఒకే తీరున ఉండేది.

పోటీకి ముందు వారం, ఆవిడ మా ఇంటికి చేపలు తెచ్చింది. మా ఆవిడ బేరం ఆడి, గిన్నె తేవడానికి లోపలికి వెళ్ళింది. ఆ సందు చూసుకుని ఆవిడ నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"బాబుగారండీ, మీరు పోటీలో టైమ్ చూత్తారంట గదండి."

"చూస్తాను. ఏం?"

"మావాణ్ణి పొద్దున్నే పిలిచేలాగ చూడండి. మద్దేన్నం లోపల అయిపోవాలండి."

"ఎందుకూ, ఎక్కడికైనా వెళ్ళాలా?"

ఆవిడ లోపలికి చూసింది. మా ఆవిడ ఇంకా రాలేదు. "పొద్దోతే ఆడికి కనపడదండి" అంది.

రేచీకటి అనుకుని అవిసాకు పెట్టిందట, కార్జం పెట్టిందట, చేపనూనె తాగించిందట. తగ్గలేదు. కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు చూసి, ముందు అడిగిన మాట "మీది మేనరికమా?" అని. అవును, సొంత మేనమామనే చేసుకుంది. ఇది మందుల్తో పోయేది కాదనీ, కంటి వెనక పొర పాడవుతుందనీ, చీకట్లో చూపు ముందు పోతుందనీ, తర్వాత పగటి చూపు కూడా పక్కల నుంచి తగ్గుతూ వస్తుందనీ చెప్పాడట. ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేనన్నాడట.

"మీ ఆయనకి చెప్పావా?"

"చెప్పానండి. నమ్మట్లేదండి. 'చీకట్లో ఎవడికి కనపడుద్దే, నాకు కనపడుద్దా?' అంటాడండి. పడవెక్కడానికి బద్ధకమేసి ఈడు ఎత్తిన నాటకం అంటాడు."

అసలు సంగతి అక్కడ ఉంది. వాళ్ళ వల రాత్రిపూటదే. చీకటి పడ్డాక వేసి, తెల్లవారుతుండగా తీస్తారు. ఒకడు పడవ చూసుకుంటే ఒకడు వల వదలాలి. ఇంతకాలం తండ్రితో వెళ్ళిన బాబాయి కాకినాడ వైపు రొయ్యల ఫ్యాక్టరీలో చేరిపోయాడు. ఇప్పుడు కొడుకు ఎక్కాలి. ఎక్కాలంటే ఎక్కాల్సిందేనని తండ్రి. నీళ్ళెక్కడో పడవ అంచెక్కడో తెలియనివాణ్ణి నడి గోదాట్లో నిలబెడతావా అని తల్లి. గొడవ పడి పడి చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. విశాఖపట్నం ఆయన వీణ్ణి ఎంచుకుంటే తండ్రి అడ్డు చెప్పడు. ఎంచుకోకపోతే ఆ రాత్రికే పడవ ఎక్కాలి, మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు.

"అక్కడ మాత్రం ఎన్నాళ్ళు చేస్తాడమ్మా, డాక్టరు అలా చెప్పాక?" అన్నాను.

"నాలుగేళ్ళు ఒడ్డు మీద ఉంటే చాలండి. ఆ తరవాత సంగతి ఆ తరవాత." గిన్నెతో మా ఆవిడ వస్తున్న చప్పుడు విని గొంతు తగ్గించింది. "ఎవరికీ చెప్పకండి బాబుగారండీ. కళ్ళ సంగతి తెలిత్తే ఆయన చేర్చుకోడు."

చెప్పనన్నాను. పోటీ ముందురోజు వరస రాసేటప్పుడు కుర్రాణ్ణి మూడోవాడిగా వేయించాను. పది గంటలకి మొదలైతే పదిన్నర లోపల అయిపోతుంది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికే మండపం ఆవరణ నిండింది. షామియానా వెయ్యలేదు. స్టేజీ ఆరుబయటే, తూర్పు ముఖంగా. పెద్దాపురం, కోరుకొండ, కొవ్వూరు నుంచి కూడా పిల్లలు వచ్చారు. మా కుర్రాడు ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. వాళ్ళమ్మ అరికాలికి కాటుక చుక్క పెట్టింది. ఎండ బాగా ఉంది. అప్పుడే స్టేజీ ఎక్కించి ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు.

ముఖ్య అతిథి గారు పదింటికి వచ్చి జ్యోతి వెలిగించాలి. పదిన్నర అయింది. రాలేదు. ఫోన్ చేస్తే దారిలో ఉన్నారన్నారు. పదకొండుకి చేస్తే అప్పుడూ దారిలోనే ఉన్నారు. పిల్లల తల్లులు విసుక్కోవడం మొదలుపెట్టారు. సెక్రటరీ గారు నా దగ్గరికి వచ్చి వరస కాగితం తీసుకున్నారు.

"చిన్నపిల్లలవి కానిచ్చేద్దామండీ. జ్యోతి ఆయన వచ్చాకే. కానీ ఈ చేపలావిడ కొడుకుని ఇప్పుడు పిలవకండి."

"మూడో నెంబరండీ. కాగితంలో ఉంది కదా."

"ఉంటే ఉందండి. పొద్దున్న వెనకాల ప్రాక్టీస్ చేస్తుంటే చూశాను. అయిదు బంతులండీ బాబూ, ఒక్కటి కింద పడలేదు. అంత మంచి ఐటమ్ ఇప్పుడే అవగొట్టేస్తే, ఆయన వచ్చాక ఏం చూపిస్తాం? వాణ్ణి ఆఖర్న పెడదాం. వాడికీ గౌరవమే కదండీ, అంత పెద్దమనిషి ముందు ఆడడం."

నేను మళ్ళీ చెప్పాను. వరస మారిస్తే మిగతావాళ్ళు అడుగుతారన్నాను, కుర్రాడికి ఏదో పని ఉందన్నాను. ఆయన నవ్వారు. "మీరు గోదారి నీళ్ళు కొలిచారండీ, ఫంక్షన్లు చెయ్యలేదు" అన్నారు. అందులో ఎగతాళి ఉంది గానీ చెడు ఏమీ లేదు. ఆయన ఆ కుర్రాడికి మేలు చేస్తున్నాననే అనుకున్నారు. ఎక్కడో భోజనాల్లో మంచి స్వీటు ఆఖర్న వడ్డించినట్టు, ఎవరింటికో పెద్దవాళ్ళు వస్తే లోపల దాచిన గ్లాసులు తీసినట్టు. మా వైపు ఎవరైనా అదే చేస్తారు.

కుర్రాడి తల్లి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. "సెక్రటరీ గారికి ఒక్కరికే అసలు సంగతి చెప్పనా?" అన్నాను.

ఆవిడ తల తిప్పి ట్రైనరు వైపు చూసింది. ఆయన సెక్రటరీ గారి పక్కనే కూర్చుని కొబ్బరిబొండం తాగుతున్నాడు.

"ఈయనకి చెప్తే ఆయనకి తెలీకుండా ఉంటదాండీ?"

ఉండదు. సెక్రటరీ గారి కడుపులో మాట నిలవదని ఊరంతటికీ తెలుసు.

"వద్దండి" అంది. "మద్దేన్నం లోపల వచ్చేత్తాడేమో లెండి ఆ పెద్దబాబు. రాపోయినా పెద్దలైట్లు వేత్తారంట గదండి, పట్టపగల్లాగుంటదంట."

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు పంచారు. ముఖ్య అతిథి గారు భోజనానికి ఎవరింటికో ఆగారని కబురొచ్చింది. పిల్లలందరిదీ అయిపోయింది. కొందరు రెండోసారి కూడా ఆడారు, చూడ్డానికి ఇంకేం లేక. పెద్దాపురం నుంచి వచ్చిన ఒక అమ్మాయి మూడు బంతులే ఎగరేసింది గానీ ఆడినంతసేపూ జనంకేసి చూసి నవ్వుతూనే ఉంది. బాగా చప్పట్లు కొట్టారు.

నాలుగు దాటాక నేను మండపం వెనక్కి వెళ్ళాను. కుర్రాడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. బంతులు ఒళ్ళో ఉన్నాయి, ఎగరేయట్లేదు. గోడ నీడ వాడి పాదాలు దాటి ముందుకి పోయింది.

"ఎండ ఎంతసేపుంటదండి?" అన్నాడు.

"ఆరు దాకా ఉంటుంది."

"ఆరు దాకా ఉంటది గానండి, నాకు అయిదున్నర దాకే."

ఆడేటప్పుడు అన్ని బంతుల్నీ ఎలా చూస్తావని అడిగాను.

"బంతుల్ని చూడనండి. పైకెళ్ళిన బంతి ఆగి కిందకి తిరిగే చోటుంటది కదండి, అది చూత్తాను. అక్కడ ఒక్క లిప్త కనపడితే చాలు, ఎక్కడికొచ్చి పడుద్దో చెయ్యికి తెలిసిపోద్ది."

"ఆ చోటు కనపడకపోతే?"

వాడు ఒక బంతి కొంచెం పైకి విసిరి పట్టుకున్నాడు. "చెయ్యి ఉన్నచోటే ఉండిపోద్దండి" అన్నాడు.

అక్కణ్ణుంచి లైట్ల మనిషి దగ్గరికి వెళ్ళాను. పెళ్ళిళ్ళకీ జాతర్లకీ లైట్లు కట్టే మనిషి. ఆఖరి కుర్రాడు ఆడేటప్పుడు ఉన్న తెల్లలైట్లన్నీ వెయ్యమన్నాను. "మీరు చెప్పారు కదా పెద్దాయనా, పెళ్ళికూతురి మీద వేసినట్టు వేస్తాను" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా, నిలబెట్టుకోనిచ్చినంత వరకు.

ముఖ్య అతిథి గారు వచ్చేటప్పటికి వీధిలైట్లు వెలిగాయి. దండ, శాలువా, జ్యోతి, సన్మానపత్రం. యువతే దేశానికి వెన్నెముక అని ఆయన మాట్లాడారు. బాగానే మాట్లాడారు. మాట్లాడినంతసేపూ స్టేజీ వెనకాల ఆకాశం ఎరుపు పోయి బూడిదరంగై, ఆ తర్వాత ఏమీ లేకుండా పోయింది. అప్పుడే గేటు దగ్గర కుర్రాడి తండ్రిని చూశాను. నది నుంచి వచ్చినట్టున్నాడు. లుంగీ తడిగా ఉంది. ఖాళీ కుర్చీలున్నా కూర్చోలేదు. ఫలితం తెలుసుకుని, దాన్నిబట్టి ఒంటరిగానో, కొడుకుతోనో పడవ దగ్గరికి వెళ్ళాలి కదా.

"ఇప్పటిదాకా మీకోసమే ఆపి ఉంచిన ఆణిముత్యం" అని మైకులో చెప్పి సెక్రటరీ గారు కుర్రాణ్ణి పిలిచారు.

వాళ్ళమ్మ స్టేజీ మెట్ల దాకా వాడితో వచ్చింది. మెట్లెక్కేటప్పుడు కాలితో మెట్టు అంచు వెతుక్కోవడం నాకు కనిపించింది, నాకు తెలుసు గనక. తెల్లలైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. వాడు కళ్ళు చికిలించి, కాసేపు అలాగే నిలబడ్డాడు. నేను వాచీ నొక్కలేదు. తర్వాత మొదలుపెట్టాడు.

మూడు. నాలుగు. అయిదో బంతి మోచేతి మీద నుంచి దొర్లించి లోపలికి కలిపాడు. జనం మాట్లాడుకోవడం మానేశారు. అయిదు పసుపుపచ్చ బంతులు ఆ తెల్లటి వెలుతుర్లో ఒకదాని వెనక ఒకటి పైకి లేచి, ఆగి, దిగుతున్నాయి. అరచేతుల్లో పడే చప్పుడు స్టేజీ ముందున్న నాకు వినపడుతోంది, ఇసుకలో విన్న చప్పుడే. ట్రైనరు ఒళ్ళోని కాగితాలు పక్కన పెట్టి ముందుకి వంగాడు. తల్లి రెండు చేతులూ నోటిమీద పెట్టుకుంది. సగం టైమ్ దాటిపోయింది. ఇంకొంచెం ఉంటే అయిపోయేదే.

వీడియో తీసే అబ్బాయి సెక్రటరీ గారి చెవిలో ఏదో చెప్పాడు. వీడియోలో మొహం తెల్లగా వెలిసిపోయి వస్తోంది అన్నాడట. ఇది తర్వాత విన్నది. సెక్రటరీ గారు లేచి, లైట్ల మనిషి వైపు చెయ్యి తిప్పారు. "కలర్లు, కలర్లు" అన్నారు. నేను కుర్చీలోంచి లేచాను. లైట్ల మనిషి నాకేసి ఒకసారి, డబ్బులిచ్చే మనిషికేసి ఒకసారి చూశాడు.

తెల్లలైట్లు ఆరి, ఎర్రవీ నీలంవీ వచ్చాయి. తిరుగుతున్నాయి. నాకు బాగానే కనపడింది. అందరికీ బాగానే కనపడింది, అందంగా ఉందన్నారు కూడా.

వాడు చెప్పినట్టే అయింది. చేతులు ఉన్నచోటే ఉండిపోయాయి. రెండు బంతులు అలవాటు కొద్దీ వచ్చి అరచేతుల్లోనే పడ్డాయి. ఒకటి భుజానికి తగిలింది. మిగతావి చెక్కల మీద పడి దొర్లాయి. జనం అయ్యో అన్నారు. వాడు ఒంగి వెతకడం మొదలుపెట్టాడు. ఒక బంతి వాడి ఎడమకాలి పక్కనే, జానెడు దూరంలో ఉంది. వాడు కుడిపక్కన చెక్కలు తడుముతున్నాడు. తర్వాత ముందుకి. చెయ్యి అటు తిప్పి ఇటు తిప్పి, బంతి మీదుగానే పోనిచ్చి, వెనక్కి తీసుకున్నాడు. ముందు వరసలో ఎవరో పిల్లలు పకపకా నవ్వారు. కామెడీ చేస్తున్నాడనుకున్నారు. ఆ నవ్వు వెనక వరసలకి పాకింది. ముఖ్య అతిథి గారు కూడా నవ్వి, చప్పట్లు కొట్టారు.

"ఎడం కాలి పక్కన" అని ఎవరో గట్టిగా అన్నారు. వాళ్ళమ్మ. వాడు ఎడమచేత్తో అందుకున్నాడు. అప్పటికి నా వాచీలో టైమ్ అయిపోయింది. నేను గంట కొట్టాలి. కొట్టాను.

తిరిగి చూస్తే తండ్రి గేటు దగ్గర లేడు. కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ స్టేజీ దగ్గరికి వచ్చేశాడు. నవ్వుతున్నవాళ్ళ మధ్య నిలబడి కొడుకు చేతులకేసే చూస్తున్నాడు.

ట్రైనరు పెద్దాపురం అమ్మాయిని ఎంచుకున్నాడు. వెళ్ళే ముందు నేను ఆయన్ని పక్కకి పిలిచి, ఆ కుర్రాణ్ణి పగలు ఒకసారి చూడమని అడిగాను.

"చేతులు బంగారమండీ, కాదనను. కానీ బెదిరిపోయాడు. లైటు మారితే బెదిరేవాడు మా పనికి పనికిరాడు."

"బెదురు కాదండి" అన్నాను.

"మరేంటి?"

చేపలావిడ కొంచెం దూరంలో నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది. తల అడ్డంగా ఊపింది. బెదురన్నా తీసుకోడు, కళ్ళన్నా తీసుకోడు. కళ్ళని చెప్తే ఆ మాట మాత్రం ఊళ్ళో మిగిలిపోతుంది. నేను ఊరుకున్నాను.

కుర్రాడికి ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు, స్టీలు నీళ్ళసీసా. ముఖ్య అతిథి గారు సీసా అందిస్తే వాడి చెయ్యి దాని పక్కనుంచి పోయింది. ఆయనే చెయ్యి పట్టుకుని సీసా అందులో పెట్టి, "భయపడకూడదు నాన్నా, మేమంతా మీవాళ్ళమే కదా" అన్నారు. ఫోటో తీశారు.

గేటు బయట తల్లీ తండ్రీ కొడుకుని మధ్యలో పెట్టుకుని నిలబడ్డారు. నేను దగ్గరికి వెళ్ళి, "ఇవాళ్టికి వల మానుకోకూడదూ?" అన్నాను తండ్రితో. ఆయన నాకు నమస్కారం పెట్టి, "వత్తామండి" అన్నాడు. కొడుకు మణికట్టు పట్టుకుని వీధి దిగాడు. పదిహేనేళ్ళ కుర్రాణ్ణి అలా నడిపించుకుపోవడం చూసి టీ కొట్టు దగ్గరివాళ్ళు, ఏదో తప్పుచేసి దొరికాడనుకున్నట్టున్నారు. "ఏంట్రా, ఏం చేశాడేంటి మీవాడు?" అని ఒకడు అడిగాడు. ఇద్దరూ ఆగకుండా ఘాటు వైపు తిరిగారు. తల్లి నీళ్ళసీసా పట్టుకుని వెనకాల వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న, సోమవారం, రోజూకంటే ముందే ఘాటుకి వెళ్ళాను. మంచు ఉంది. కొవ్వూరు వైపు వంతెన సగం వరకే కనపడుతోంది. పడవలు ఒకటొకటే ఒడ్డుకి వస్తున్నాయి. వాళ్ళది వచ్చేసరికి వెలుగు బాగా వచ్చేసింది. తండ్రి వెనక నిలబడి తెడ్డు వేస్తున్నాడు. కుర్రాడు పడవ మధ్యలో, వల కుప్ప పక్కన కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా మీదే పాత స్వెట్టరు వేసుకున్నాడు.

పడవ ఇసుకకి తగిలాక చూశాను. కుర్రాడి నడుముకి నీలంరంగు నైలాన్ తాడు కట్టి ఉంది. రెండో కొస పడవ అడ్డచెక్కకి. తడిసి, బిగుసుకుపోయిన ముడి.

తండ్రి దిగి పడవని పైకి లాగాడు. నన్ను చూసి, అడక్కుండానే చెప్పాడు. "పసుపుపచ్చ బంతండి. ఆడి కాలి పక్కనే ఉంది. గేటు కాడున్న నాకు కనపడింది." లుంగీ అంచు పిండుకున్నాడు. "బద్ధకం అనుకున్నానండి ఇన్నాళ్ళూ. తిట్టేశాను కూడా."

"మరి తెలిశాక కూడా ఎందుకు తీసుకెళ్ళావు?"

"ఇంకెవరున్నారండి?" అన్నాడు. విసుగు లేదు ఆ మాటలో. నిజంగానే అడిగినట్టు అడిగాడు. "వల వదలమంటే చేత్తో తడిమి బాగానే వదిలాడండి. తిరిగేటప్పుడు ఒక్కసారి అంచు అనుకుని నీళ్ళ మీద కాలేశాడు. తాడుంది గనక లాగాను."

అప్పుడు గమనించాను, కుర్రాడి లాగు తొడల దాకా తడిసి ఉంది. పళ్ళు పటపటలాడుతున్నాయి. అయినా చేతులు ఆగలేదు. వెలుగు వచ్చింది కదా, వాడి పని మొదలైంది. వల్లోంచి జెల్ల చేపలు తీస్తున్నాడు. వాటికి ముళ్ళుంటాయి, చూసి పట్టుకోకపోతే చెయ్యి చీరుకుపోతుంది. ఒక్కొక్కటీ విడిపించి, తల తిప్పకుండా భుజం మీదుగా వెనక్కి విసురుతున్నాడు. వెనక ఒడ్డు మీద వాళ్ళమ్మ బుట్ట పెట్టుకుని కూర్చుంది. ఒక్క చేప కూడా బుట్ట బయట పడలేదు. ఆవిడ బుట్ట జరపాల్సిన పని రాలేదు. ఒకటి గాలిలో ఉండగానే ఇంకొకటి లేచేది.

ఆవిడ చేపలకేసి చూడట్లేదు. తాడుకేసి చూస్తోంది.

"అమ్మగారికి ఏం తెమ్మంటారండి ఇయ్యాల?" అంది, నన్ను చూసి.

జెల్లలే తెమ్మన్నాను.

వల ఖాళీ అయ్యాక తండ్రి తాడు విప్పడానికి వంగాడు. తడికి ముడి రాలేదు. "ఉండు నాన్నా" అని కుర్రాడు తనే వేళ్ళతో ముడి లూజు చేసి విప్పుకున్నాడు. తాడు పిండి, చుట్ట చుట్టాడు. పడవలో పెట్టడానికి ముందు అడ్డచెక్క కింద ఒక చోటు ఎంచుకున్నాడు. తాడు అక్కడ పెట్టి, తను కూర్చునే చోట కూర్చుని, కళ్ళు మూసుకుని, చెయ్యి చాపి చూశాడు. అందలేదు. కొంచెం దగ్గరికి జరిపి, మళ్ళీ కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు. ఈసారి అందింది. అక్కడే ఉంచి పడవ దిగాడు.